లియొంటీన్ ప్రైస్: అసలు ముట్టకుండా వడ్డీతో పాడిన గొంతు

1958లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరా నుంచి ఒక గాయనికి కబురు వచ్చింది. ఇటలీ స్వరకర్త వెర్డి స్వరపరచిన ‘ఐడా’ అనే ఒపేరాలో, అంటే పాటగా సాగే సంగీత నాటకంలో, ఐడా పాత్రను వచ్చి పాడమని. ఆమెకు అప్పటికి ముప్పై ఒక్కేళ్లు. అందరూ ‘మెట్’ అని పిలుచుకునే ఆ వేదిక మీద ఒక్కసారైనా నిలబడాలని అమెరికాలో ఒపేరా నేర్చుకునే ప్రతి ఒక్కరూ కలగంటారు. పైగా ఆమె నల్లజాతి మనిషి. అంతకు మూడేళ్ల ముందు దాకా ఆ వేదిక మీద పేరున్న పాత్ర ఒక్కటి కూడా నల్లజాతివాళ్లకు దక్కలేదు. అలాంటి చోటు నుంచి పిలుపు వస్తే ఆమె వద్దన్నారు.

ఆమె పేరు లియొంటీన్ ప్రైస్. ఆమె గురించి రాసేవాళ్లు చాలామంది 1961 జనవరిలో మెట్‌లో మోగిన చప్పట్లతో మొదలుపెడతారు. ఆ రాత్రి చప్పట్లు నలభై నిమిషాల దాకా ఆగలేదని చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ చప్పట్లకన్నా ఈ ‘వద్దు’ పెద్ద విషయంగా అనిపిస్తుంది. దీన్ని విప్పి చూస్తే ఒపేరా కెరీర్ ఎలా నడుస్తుందో, ఎందుకు కూలిపోతుందో చాలావరకు తెలుస్తుంది. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. అప్పుడు వద్దన్న ఆ ఐడానే ఆమె తర్వాత ఒపేరా జీవితమంతా పాడారు. 1985లో ఒపేరాకు వీడ్కోలు చెప్పింది కూడా ఆ పాత్రతోనే. పాత్ర నచ్చక కాదనలేదన్నమాట. మరెందుకు?

ఆ కారణం చెప్పాలంటే ముందు గొంతు సంగతి చెప్పాలి.

మైకు లేని చోట

ఒపేరాలో మైకు ఉండదు. మెట్ ఇప్పుడున్న భవనంలో దాదాపు 3,800 సీట్లు. గాయనికి, ప్రేక్షకులకు మధ్య గోతిలాంటి చోట డెబ్బై ఎనభైమంది వాద్యకారులు కూర్చుంటారు. వాళ్లందరినీ దాటుకుని ఆమె గొంతు ఆఖరి బాల్కనీలో వెనక గోడకు ఆనుకున్న మనిషిని చేరాలి. అరిస్తే చేరదు. అరిచిన గొంతు అరగంటలో పోతుంది.

మన పౌరాణిక నాటకాల నటులు గుర్తొస్తారు. మైకులు రాకముందు కృష్ణుడి వేషంలో ఉన్న నటుడు పద్యం ఎత్తుకుంటే, వెనక చాప మీద కూర్చున్నవాడికి కూడా ప్రతి అక్షరం వినపడాలి. వన్స్ మోర్ అంటే మళ్లీ అదే పద్యం, అదే రాగం, తెల్లవార్లూ. ఆ నటుల గొంతు విన్న పెద్దవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. తేడా ఒక్కటే. వాళ్లకు పక్కన హార్మోనియం, తబలా ఉండేవి. ఒపేరా గాయనికి ఎదురుగా ఇత్తడి వాద్యాలతో సహా పూర్తి ఆర్కెస్ట్రా ఉంటుంది.

మరి గొంతు ఎలా చేరుతుంది? ఆర్కెస్ట్రా శబ్దం బలమంతా ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ పలచబడుతుంది. శిక్షణ ఉన్న మగ గాయకులు గొంతులోని ఖాళీలను సర్దుకుని, 3,000 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని పోగేస్తారు. అక్కడ ఆర్కెస్ట్రా పలచగా ఉంటుంది, మనిషి చెవి మాత్రం చురుగ్గా ఉంటుంది. సొప్రానోలది, అంటే పైస్థాయిలో పాడే స్త్రీలది, వేరే పద్ధతి. స్వరం పైకి వెళ్లేకొద్దీ దవడ తెరుస్తూ, నోటి ఆకారం మారుస్తూ, లోపలి ప్రతిధ్వనిని పాడే స్వరంతో కలుపుతారు. అప్పుడు శబ్దం దానంతట అదే పెద్దదవుతుంది. ఇలా చేసేటప్పుడు ఆ, ఈ, ఓ అన్న అచ్చుల మధ్య తేడా కరిగిపోతుంది. ఇటాలియన్ వచ్చినవాళ్లకు కూడా సొప్రానో పైస్థాయి మాటలు సరిగా అందకపోవడానికి కారణం ఇదే. ఉచ్చారణ లోపం అనుకోనక్కర్లేదు.

ఇదంతా చేసేది ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున్న స్వరతంత్రులు. ఐడా మూడో అంకంలో నైలు నది ఒడ్డున ఒక పాట ఉంది. ఈజిప్టులో బానిసగా చిక్కిన ఇథియోపియా రాకుమారి తన దేశాన్ని ఇక చూడలేనని పాడుకునే పాట. అందులో పైస్థాయి సి అనే స్వరం దగ్గర ఆ తంత్రులు సెకనుకు వెయ్యిసార్లకు పైగా కొట్టుకుంటాయి. గట్టిగా కాదు, మెత్తగా, దిగులుగా పాడాలి. అప్పటికే రెండు అంకాలు పాడి ఉంటుంది గాయని.

ఇక గొంతుల్లో రకాలు. సొప్రానో అన్నంత మాత్రాన అందరూ అన్నీ పాడలేరు. తేలికైన లిరిక్ గొంతు ఉంటుంది. బరువైన డ్రమాటిక్ గొంతు ఉంటుంది. మధ్యలో స్పింటో అని ఒకటి ఉంటుంది. ఇటాలియన్‌లో ఆ మాటకు నెట్టినది అని అర్థం. మామూలుగా లిరిక్‌లా మెత్తగా సాగుతూ, అవసరం వచ్చినప్పుడు ఆర్కెస్ట్రాను చీల్చుకుని పైకి లేచే గొంతు అది. ప్రైస్‌ది ఆ గొంతు. కింది స్వరాల్లో కాస్త పొగ పట్టినట్టు బొంగురుగా, పైకి వెళ్లేకొద్దీ వెలుగు తేలేది. వెర్డి కథానాయికలకు సరిగ్గా ఇలాంటి గొంతే కావాలి.

స్పింటోకు ఒక ప్రమాదం ఉంది. బరువైన పాత్రలు కూడా పాడగలదు. పాడగలదని మేనేజర్లకు తెలుస్తుంది. అడుగుతారు. పాడితే ఆ రాత్రి బాగానే ఉంటుంది. నష్టం నాలుగైదేళ్లకు బయటపడుతుంది. స్వరం వణకడం మొదలవుతుంది, పై స్వరాలు కిందికి జారతాయి, మెత్తగా పాడటం రాదు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత పాఠశాలలో ప్రైస్‌కు గొంతు నేర్పిన గురువు ఫ్లోరెన్స్ పేజ్ కింబాల్. ఆమె చెప్పిన ఒక మాటను ప్రైస్ ఎప్పుడూ తలుచుకునేవారు. వడ్డీ మీద పాడు, అసలు ముట్టుకోకు అన్నదే ఆ మాట సారాంశం. అప్పూ వడ్డీ తెలిసిన మన ఊళ్లలో దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ రాత్రి నీ దగ్గరున్న బలమంతా పెట్టి పాడితే రేపటికి మూలధనం తరుగుతుంది. కొంత ఎప్పుడూ వెనక ఉండాలి. ఆ వెనక ఉన్నదే వినేవాడికి ధీమాగా వినిపిస్తుంది కూడా. ఇంకా ఉంది అనిపించే గొంతుకు, అయిపోయింది అనిపించే గొంతుకు తేడా సంగీతం తెలియనివాళ్లు కూడా పట్టేస్తారు.

లారెల్ నుంచి

ప్రైస్ 1927 ఫిబ్రవరి 10న మిసిసిపీ రాష్ట్రంలోని లారెల్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి జేమ్స్ కలప మిల్లులో పనిచేసేవారు. తల్లి కేట్ మంత్రసాని, చర్చి గాయకబృందంలో మంచి గొంతు ఉన్న మనిషి. పాప చేతికి పియానో అందాలని ఇంట్లో ఉన్న గ్రామఫోన్‌ను ఇచ్చేసి, దాన్ని బయానా కింద జమ చేయించి పియానో తెచ్చారు. తొమ్మిదేళ్ల వయసులో తల్లి ఆమెను జాక్సన్ నగరానికి తీసుకెళ్లి మేరియన్ ఆండర్సన్ కచేరీ వినిపించారు. ఆండర్సన్ అప్పటికే యూరప్‌ను ఊపేసిన నల్లజాతి గాయని. తానూ అలా నిలబడాలని ఆ రోజే అనుకున్నానని ప్రైస్ తర్వాత చాలాసార్లు చెప్పారు.

ఆ కాలంలో దక్షిణాది అమెరికాలో బడులు, బస్సులు, హోటళ్లు అన్నీ రంగును బట్టి వేరు. సంగీతం చదివిన నల్లజాతి ఆడపిల్లకు దొరికే భద్రమైన దారి ఒక్కటే, బడిలో సంగీతం టీచరు ఉద్యోగం. ప్రైస్ ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ కాలేజీకి వెళ్లింది దానికోసమే. అక్కడే గొంతు సంగతి బయటపడింది. లారెల్‌లో ఆమె బంధువు ఒకామె పనిచేసిన ఇంటి యజమానులైన చిజమ్ కుటుంబం ఆమె చదువుకు డబ్బు పెట్టింది. పాల్ రోబ్సన్ అంతటి గాయకుడు ఆమె చదువు నిధి కోసం పాడారు. 1948లో జూలియార్డ్‌లో చేరారు.

మేరియన్ ఆండర్సన్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ప్రైస్ లెక్కలన్నిటి వెనకా ఆమె ఉన్నారు. 1939లో వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాల్లో పాడటానికి ఆండర్సన్‌కు అనుమతి ఇవ్వలేదు, రంగు కారణంగా. దాంతో ఆమె ఏప్రిల్ 9న, ఈస్టర్ రోజు, లింకన్ స్మారకం మెట్ల మీద నిలబడి 75,000 మంది ముందు పాడారు. అంతటి మనిషికి మెట్ తలుపు తెరిచింది 1955 జనవరి 7న. అప్పటికి ఆమెకు 57 ఏళ్లు. గొంతు మంచి రోజులు వెళ్లిపోయాయి. దక్కిన పాత్ర సోదె చెప్పే మంత్రగత్తె ఉల్రికా, ఒకే ఒక దృశ్యంలో కనిపిస్తుంది. తలుపు తెరిచినందుకు మెట్ మేనేజర్ రుడాల్ఫ్ బింగ్‌ను మెచ్చుకోవాలి. అయినా నాకు ఆ ఆలస్యం తలుచుకుంటే బాధేస్తుంది. ఆ గొంతు ముప్పై ఐదేళ్ల వయసులో మెట్‌లో ఎలా మోగేదో ఎవరికీ తెలియదు, ఇక తెలియదు.

ప్రైస్‌కు తలుపు తెరిచి ఉంది. కానీ ఏ తలుపు గుండా లోపలికి వెళ్లాలన్నది ఆమె ముందున్న ప్రశ్న.

పిలుపులు, కాదనడాలు

1952లో జూలియార్డ్ విద్యార్థుల ‘ఫాల్‌స్టాఫ్’లో ఆమెను చూసినవాళ్లు అవకాశాలు ఇచ్చారు. ఆ ఏడాదే, నల్లజాతివాళ్ల కథతో గెర్ష్‌విన్ స్వరపరచిన ‘పోర్గీ అండ్ బెస్’ ఒపేరాలో బెస్ పాత్ర. పోర్గీగా పాడిన విలియం వార్‌ఫీల్డ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆ బృందం అమెరికా ప్రభుత్వ మద్దతుతో వియన్నా, బెర్లిన్, లండన్, పారిస్ తిరిగింది. పేరు, డబ్బు రెండూ వచ్చాయి.

పోర్గీ గొప్ప సంగీతం, అందులో సందేహం లేదు. చిక్కు ఏమిటంటే, నల్లజాతి గాయకులు అంటే పోర్గీ అన్న అభిప్రాయం అప్పట్లో గట్టిగా ఉండేది. ఆ బండి ఎక్కినవాళ్లు దిగడం కష్టం. మన సినిమాల్లో మొదట అక్క వేషం వేసిన అమ్మాయికి హీరోయిన్ వేషం రానట్టే. ప్రైస్ రెండేళ్లకు దిగిపోయారు. రిసైటల్స్ వైపు, అంటే పియానో ఒక్కటే తోడుగా పాడే కచేరీల వైపు తిరిగారు. 1953లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో శామ్యూల్ బార్బర్ కొత్తగా స్వరపరచిన పాటలను, బార్బరే పియానో వాయిస్తుండగా, మొదటిసారి పాడారు. 1956లో ఆమె మన దేశానికి కూడా వచ్చి కచేరీలు చేశారు, అమెరికా విదేశాంగ శాఖ తరఫున.

1955 జనవరిలో ఎన్‌బీసీ టెలివిజన్ ఇటలీ స్వరకర్త పుచ్చీని ఒపేరా ‘తోస్కా’ను ప్రసారం చేసింది. తోస్కాగా ప్రైస్. ఎదురుగా ప్రేమికుడిగా తెల్లజాతి టెనార్, అంటే పైస్థాయిలో పాడే మగ గాయకుడు. దక్షిణాదిలోని కొన్ని స్టేషన్లు ఆ కార్యక్రమాన్ని వేయడానికి ఒప్పుకోలేదు. ఎన్‌బీసీ ఒపేరాకు సంగీత దర్శకుడు పీటర్ హెర్మన్ ఆడ్లర్. ఈ పేరు గుర్తుంచుకోండి.

1957లో శాన్‌ఫ్రాన్సిస్కో ఒపేరాలో మొదటిసారి పెద్ద వేదిక ఎక్కారు, పూలెంక్ కొత్త ఒపేరాలో సన్యాసినుల మఠాధిపతిగా. ఆ సీజన్‌లోనే ఐడా పాడాల్సిన ఇటాలియన్ గాయనికి అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది. ప్రైస్‌ను పిలిచారు. ఆ విధంగా అనుకోకుండా ఐడా చేతికొచ్చింది. ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 1958 మేలో ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ హెర్బర్ట్ ఫాన్ కారయాన్ పిలుపుతో వియన్నా స్టేట్ ఒపేరాలో ఐడా. జూలైలో లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఐడా. 1960లో వెర్డి సొంత గడ్డ, మిలాన్‌లోని లా స్కాలాలో ఐడా.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. వియన్నాలో, లండన్‌లో ఐడా పాడిన మనిషి న్యూయార్క్‌లో ఎందుకు పాడనన్నారు?

సలహా ఇచ్చింది ఆడ్లర్. లియొంటీన్ గొప్ప కళాకారిణి కాబోతోంది, మెట్‌లో తొలి అడుగు బానిసగా కాకుండా దొరసానిగా వేయాలి అన్నది ఆయన మాట సారం. ఐడా రాకుమారే. కానీ తెర లేచేసరికి ఆమె ఈజిప్టు రాజు కూతురి బానిస. ప్రైస్ మొదటిసారి ఆ పాత్రలో కనిపిస్తే, నల్లజాతి గాయనికి నల్లజాతి పాత్ర ఇచ్చారు, సరిపోయింది అనుకుంటారు మేనేజర్లు, విమర్శకులు, చందాదారులు. ఒపేరా సంస్థలు రెండు మూడేళ్ల ముందే సీజన్లు వేసుకుంటాయి. మొదటి పాత్రతో ఏ అరలో పెడితే తర్వాతి పిలుపులన్నీ ఆ అర నుంచే వస్తాయి. యూరప్‌లో ఆ భయం అంత లేదు, అక్కడ ఆమె ముందుగా విదేశీ గాయని. అమెరికాలో ఐడా రంగు పాత్ర. ఒకే పాత్ర, ఒకే గొంతు, ఊరు మారితే అర్థం మారింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకటి రెండు రాత్రులు అతిథిగా వచ్చి పాడి వెళ్లడం వేరు, సీజన్‌లో భాగమై నాలుగైదు పాత్రలతో నిలబడటం వేరు. మొదటి దాంట్లో మీరు వార్త. రెండో దాంట్లో మీరు ఆ ఇంటి మనిషి. ఆమెకు రెండోది కావాలి. ఎదురుచూశారు.

1961 జనవరి 27న మెట్‌లో వెర్డి ‘ఇల్ ట్రొవతోరె’. లియొనోరాగా ప్రైస్. పదిహేనో శతాబ్దపు స్పెయిన్ రాణివాసంలోని దొరసాని పాత్ర. ఆ రాత్రే టెనార్ ఫ్రాంకో కొరెల్లికి కూడా మెట్‌లో తొలి ప్రదర్శన. చప్పట్ల సంగతి మొదట్లోనే చెప్పాను. మార్చిలో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఆమె. ఆ మొదటి సీజన్‌లోనే లియొనోరా కాక బటర్‌ఫ్లై, డొన్నా అన్నా, లియూ పాడారు. ఐడా కూడా పాడారు. ఇప్పుడు పాడొచ్చు. జపాన్ అమ్మాయి, స్పెయిన్ దొరసాని, చైనా బానిస, ఇథియోపియా రాకుమారి అన్నీ ఆమెవే అని తేలిపోయాక, ఐడా మిగతా పాత్రల్లో ఒకటి మాత్రమే. తన చర్మమే ఆ పాత్రకు తన దుస్తులు అన్న అర్థంలో ఆమె తర్వాతి రోజుల్లో గర్వంగా మాట్లాడారు. ఐడాను బానిసగా కాక రాకుమారిగా పాడారు. వీడియో చూస్తే తెలుస్తుంది, ఆ మెడ నిలబడ్డ తీరులోనే తెలుస్తుంది.

అసలు ఖర్చయిన శరత్కాలం

మూడు నెలల్లో అయిదు పాత్రలు. ఇక్కడే లెక్క తప్పడం మొదలైంది.

1961 అక్టోబర్ 23న మెట్ కొత్త సీజన్ మొదటి రాత్రి. ఆ రాత్రి కథానాయికగా పాడటం ఆ ఏటికి ఆ సంస్థ ఇచ్చే పెద్ద గౌరవం. నల్లజాతివాళ్లలో అది మొదట దక్కింది ప్రైస్‌కు. అంతకుముందు వేసవిలో వాద్యకారుల జీతాల గొడవతో సీజన్ రద్దయ్యే పరిస్థితి వస్తే, కెనడీ ప్రభుత్వ కార్మిక మంత్రి ఆర్థర్ గోల్డ్‌బర్గ్ మధ్యవర్తిగా దిగి గట్టెక్కించారు. ఒపేరా పుచ్చీని ‘లా ఫాంచుల్లా దెల్ వెస్ట్’. బంగారు గనుల కాలిఫోర్నియాలో సారాయి కొట్టు నడిపే మిన్నీ పాత్ర. తుపాకులు, గుర్రాలు, పేకాట. ఆర్కెస్ట్రా మహా బరువు. పాత్రలో చాలాచోట్ల మధ్యస్థాయిలో గట్టిగా మాట్లాడినట్టు పాడి, అక్కణ్నుంచి ఒక్కసారిగా పైకి ఎగరాలి. స్పింటో గొంతు అసలును తినేసే స్వరరచనంటే ఇదే.

మొదటి రాత్రి బాగా జరిగింది. రెండో ప్రదర్శనలో గొంతు మెల్లగా పోవడం మొదలైంది. రెండో అంకం వచ్చేసరికి ఆమె పాడలేక మాటలను అరుస్తున్నారు. మూడో అంకానికి డొరొతీ కర్‌స్టెన్ అనే సొప్రానోను పిలిపించి పూర్తి చేయించారు. వైరస్ అని పత్రికలు రాశాయి. కొన్ని వారాల తర్వాత వచ్చి మళ్లీ పాడారు. డిసెంబర్‌లో బటర్‌ఫ్లై పాడి కన్నీళ్లతో కూలబడిపోయారు. విశ్రాంతికి రోమ్ వెళ్లిపోయారు. అది నరాల అలసట అని ఆమే తర్వాతి కాలంలో ఒప్పుకున్నారు.

ఇది చదివినప్పుడల్లా ఆమె మోసిన టెన్షన్ ఎంతో అనుకుంటాను. తెల్లజాతి గాయని గొంతు ఒక రాత్రి పోతే అది ఆమె ఒక్కదాని దురదృష్టం. ప్రైస్ గొంతు పోతే వెనక వరసలో నిలబడ్డ నల్లజాతి పిల్లలందరికీ అది జవాబు అయిపోయేది. కాదనడం అంత బాగా తెలిసిన మనిషి ఈ పాత్రను ఎందుకు కాదనలేదంటే, నా ఉద్దేశంలో కారణం ఇదే. సీజన్ మొదటి రాత్రి అన్న గౌరవాన్ని తిప్పికొట్టే వీలు ఆ ఏడు ఆమెకు లేదు.

1962 ఏప్రిల్‌లో తిరిగొచ్చారు. ఆ తర్వాత నుంచి లెక్క మళ్లీ గట్టిపడింది. వెర్డి కథానాయికలు, మొజార్ట్, పుచ్చీనిలో కొన్నే. వాగ్నర్ బరువైన పాత్రల జోలికి పోలేదు. మెట్ పర్యటనల్లో దక్షిణాది నగరాల్లోనూ కథానాయికగా నిలబడ్డారు, 1962లో డాలస్‌లో, 1964లో అట్లాంటాలో. 1964 నాటికి మెట్ ఆమెకు ఒక్కో ప్రదర్శనకు 2,750 డాలర్లు ఇచ్చేది, జోన్ సదర్లాండ్, రెనాటా తెబాల్దిలతో సమానంగా. ఆ ఏడాదే అధ్యక్షుడు జాన్సన్ చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్. పారితోషికం అంకె నాకు మెడల్ కన్నా ఎక్కువ చెబుతుంది. గౌరవం మాటల్లో ఇవ్వడం సులువు, సమానమైన చెక్కు రాయడం కష్టం.

1966 సెప్టెంబర్ 16న మెట్ పాత భవనం వదిలి లింకన్ సెంటర్‌లోని కొత్త భవనంలోకి మారింది. తొలి రాత్రికి శామ్యూల్ బార్బర్ ఆమె గొంతును మనసులో పెట్టుకుని రాసిన ‘ఆంటొనీ అండ్ క్లియొపాత్రా’. దర్శకుడు జెఫిరెల్లి వేదికను పిరమిడ్లతో, జంతువులతో, వందలమందితో నింపేశారు. కొత్త తిరుగుడు వేదిక రిహార్సల్స్‌లోనే చెడిపోయింది. రిహార్సల్లోనే ఒకసారి పిరమిడ్ తలుపు తెరుచుకోక ప్రైస్ లోపల ఇరుక్కుపోయారు. విమర్శకులు ఒపేరాను తిట్టిపోశారు. బార్బర్ కుంగిపోయారు, 1975లో మళ్లీ తిరగరాశారు. ప్రైస్ మాత్రం ఆ సంగీతాన్ని వదల్లేదు. క్లియొపాత్రా పాటలను ఆర్కెస్ట్రా కచేరీల్లో పాడుతూ బతికించారు. స్నేహం అంటే ఇలా ఉండాలనిపిస్తుంది.

తగ్గించుకోవడం

అరవైల చివరికి వచ్చేసరికి ఆమె ఒపేరాలు తగ్గించుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి నలభై ఏళ్లు, గొంతు నిండుగా ఉంది. బయటివాళ్లకు ఇది అర్థం కాలేదు. మంచి రోజుల్లో ఎవరైనా పని తగ్గించుకుంటారా?

ఒపేరాకు, రిసైటల్‌కు ఉన్న తేడా తెలిస్తే ఆ నిర్ణయం అర్థమవుతుంది. ఒపేరా అంటే వారాల తరబడి రిహార్సల్స్, బరువైన దుస్తులు, దర్శకుడు చెప్పినట్టు మెట్లెక్కుతూ దిగుతూ పాడటం, పక్క గాయకుడు గట్టిగా పాడితే తానూ గట్టిగా పాడక తప్పకపోవడం. ఏ స్వరం ఎప్పుడు రావాలో స్వరకర్త రాసేశాడు, మార్చే వీల్లేదు. రిసైటల్‌లో అన్నీ గాయని చేతిలో ఉంటాయి. ఏ పాట తర్వాత ఏ పాట, ఎక్కడ విరామం, ఈ రోజు గొంతు ఎలా ఉంది, దాన్నిబట్టి ఏం పాడాలి. మన కచేరీలో గాయకుడు తన శ్రుతి తాను పెట్టుకుని, సభను చూసి కృతులు ఎంచుకోవడం లాంటిదే ఇది. ప్రైస్ పియానిస్ట్ డేవిడ్ గార్వీతో దశాబ్దాల పాటు ఊరూరూ తిరిగారు. జర్మన్, ఫ్రెంచ్ పాటలు, అమెరికన్ స్వరకర్తల పాటలు, ఒపేరాల్లో ఒక్కరే పాడే ‘ఏరియా’ పాటలు ఒకటి రెండు, చివర చర్చిలో తల్లి పాడిన ఆధ్యాత్మిక గీతాలు. లారెల్‌లో మొదలైన సంగీతం ప్రతి రాత్రీ చివరికి వచ్చేది.

ఒపేరాలో కొత్త పాత్రలు పూర్తిగా ఆపలేదు. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘మనోన్ లెస్కో’, 1977లో అక్కడే రిషార్డ్ స్ట్రౌస్ ‘అరియాడ్నె’. పుష్కలంగా పాడిన ఏళ్లతో పోలిస్తే ఇవి చినుకులే.

1985 జనవరి 3న మెట్‌లో ఐడా. దేశమంతా టీవీలో ప్రత్యక్ష ప్రసారం. ఆమెకు అప్పటికి 57 ఏళ్లు, మేరియన్ ఆండర్సన్ మెట్‌లో మొదటిసారి పాడిన వయసు. ఒకరికి తలుపు తెరుచుకున్న వయసులో, ఆ తలుపు గుండా నడిచిన ఇంకొకరు తనంతట తాను బయటికి వస్తున్నారు. ఆ వీడియో ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. మూడో అంకంలో నైలు ఒడ్డు పాట దగ్గరికి వెళ్లి వినండి. ఆ పైస్థాయి సి దగ్గరికి ఆమె ఎలా వెళ్లారో చూడండి. పాట అయిపోయాక చప్పట్లు నిమిషాల తరబడి ఆగవు. ఆమె పాత్రలోంచి బయటికి రాకుండా అలాగే నిలబడి ఉంటారు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటాయి, గడ్డం మాత్రం పైకే ఉంటుంది.

ఒపేరా ఆపినా రిసైటల్స్ ఆపలేదు. ఇంకో పన్నెండేళ్లు పాడారు. చివరిది 1997 నవంబర్‌లో నార్త్ కరొలైనాలోని చాపెల్ హిల్‌లో. ఇదే ఆఖరిదని ఎవరికీ చెప్పలేదు.

2001లో, సెప్టెంబర్ 11 దాడుల్లో చనిపోయినవాళ్ల కోసం న్యూయార్క్ కార్నెగీ హాల్లో సంస్మరణ కచేరీ జరిగింది. ప్రైస్‌ను రమ్మన్నారు. 74 ఏళ్ల వయసు, నాలుగేళ్లుగా సభలో పాడింది లేదు. ఈసారి వద్దనలేదు. వచ్చి, తనకిష్టమైన ఆధ్యాత్మిక గీతం ఒకటి పాడారు. తర్వాత అమెరికా వాళ్లందరికీ నోటికొచ్చిన దేశభక్తి గీతం ఎత్తుకున్నారు. చివరి చరణంలో గొంతును పైస్థాయి బి-ఫ్లాట్ దాకా తీసుకెళ్లి నిలబెట్టారు, తేలిగ్గా. నైలు ఒడ్డు పాటలోని ఆ సి కన్నా అది రెండు స్వరస్థానాలు మాత్రమే కింద.